అద్దె ఇంటి సామానుకు భరోసా ఏది?

అద్దె ఇంట్లో ఒకే కప్పు కింద ఇద్దరి ఆస్తి ఉంటుంది. గోడలు, కప్పు, తలుపులు, కుళాయిలు, వైరింగు యజమానివి కాగా, ఆ గోడల మధ్య ఉన్న మంచాలు, బీరువా, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, పిల్లల పుస్తకాలు, పెళ్లినాటి పట్టుచీరలు, వంటింటి గిన్నెలు అద్దెకున్న కుటుంబానివి. అగ్నిప్రమాదమో వరదో తుపానో వచ్చినప్పుడు ఈ రెండు ఆస్తులూ కలిసే దెబ్బతింటాయి గాని, నష్టాన్ని పూడ్చుకునే దారులు మాత్రం వేరువేరు. యజమాని బ్యాంకు రుణంతో ఇల్లు కట్టుకున్నవాడైతే, రుణం మంజూరు చేసేటప్పుడే బ్యాంకు ఆ కట్టడానికి బీమా చేయించి ఉండే అవకాశం ఎక్కువ. ఆ పాలసీ కట్టడానికీ, మహా అయితే యజమాని సొంత సామానుకూ వర్తిస్తుంది తప్ప, నెలనెలా అద్దె కడుతూ అదే ఇంట్లో ఉంటున్న కుటుంబం వస్తువులకు వర్తించదు. ఇంటికి బీమా ఉందని విని, తమ సామానుకూ ఉన్నట్టేనని అద్దెదారులు అనుకోవడం మామూలే గాని, ఆ భ్రమ నీళ్లు గడప దాటి లోపలికి వచ్చిన రోజున గాని తొలగదు.

చట్టం కూడా ఈ విషయంలో అద్దెదారుకు ఇచ్చే ఆసరా పరిమితమే. యజమానికీ అద్దెదారుకూ మధ్య హక్కులను, బాధ్యతలను చెప్పే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షను, అగ్నిప్రమాదం, తుపాను, వరద వంటి కారణాలతో ఇంటిలో ముఖ్యభాగం నాశనమైనా, అద్దెకు తీసుకున్న అవసరానికి శాశ్వతంగా పనికిరాకుండా పోయినా, ఒప్పందాన్ని రద్దు చేసుకునే వెసులుబాటును అద్దెదారుకు ఇస్తుంది. అంటే, ఇక ముందు అద్దె కట్టనవసరం లేదన్న ఊరట దొరుకుతుంది. లోపల పాడైన సామాను ఖరీదును యజమాని ఇచ్చుకోవాలని మాత్రం ఆ సెక్షను చెప్పదు. యజమాని నిర్లక్ష్యం వల్లనే నష్టం జరిగిందని రుజువు చేయగలిగితే కోర్టుకు వెళ్లవచ్చు గాని, కుండపోత వానకూ తెగిన కట్టకూ ఏ యజమానినీ బాధ్యుణ్ని చేయలేరు. ఒక వస్తువు పోతే ఎవరి జేబుకు చిల్లు పడుతుందో, దానిని బీమా చేయించుకునే హక్కు వారికే ఉంటుందన్నది బీమాకు మూలసూత్రం. పాలసీ భాషలో దీనినే ఇన్సూరబుల్ ఇంటరెస్ట్ అంటారు. ఈ సూత్రం ప్రకారం అద్దె ఇంటి సామానును కాపాడుకునే హక్కు అద్దెదారుది, బాధ్యత కూడా అద్దెదారుదే.

ఈ మాట ఎంత బరువైనదో 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానలు చూపించాయి. బుడమేరుకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీటిలో నానగా, అదే సమయంలో మున్నేరు పొంగి ఖమ్మంలోని ఒడ్డు కాలనీలను ముంచెత్తింది. ముంపునకు గురైన విజయవాడ కాలనీల్లో కింది అంతస్తు ఇళ్లకు రూ.25,000, మొదటి అంతస్తు, ఆపై ఇళ్లకు రూ.10,000 చొప్పున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాయం ప్రకటించింది. అంతకు నాలుగేళ్ల ముందు, 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్ కాలనీలు మునిగినప్పుడు తెలంగాణ ప్రభుత్వం బాధిత కుటుంబానికి రూ.10,000 ఇచ్చింది. ఆ పూటకు వంటసరుకులు, నాలుగు జతల బట్టలు కొనుక్కోవడానికి ఈ సాయం ఎంతో అక్కరకు వచ్చేదే. అయితే ప్రభుత్వ సాయం తక్షణ ఉపశమనం కోసం ఇచ్చేదే గాని పోయిన ఆస్తికి పరిహారం కాదు. ఆ రెండింటి మధ్య ఉన్న దూరాన్ని ఒక మామూలు రెండు గదుల వాటాలోకి తొంగి చూస్తే తెలుసుకోవచ్చు.

కింది అంతస్తు వాటాలో మోకాలి లోతు నీరు ఒక్క రాత్రి నిలిచినా చాలు. ఫ్రిజ్‌కు ప్రాణమైన కంప్రెసర్ వెనకవైపు అడుగునే ఉంటుంది, వాషింగ్ మెషీన్ మోటారు డ్రమ్ము కిందనే ఉంటుంది, ఇన్వర్టరు బ్యాటరీని నేలమీదనే పెడతారు. కాబట్టి ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన యంత్రాలే అన్నిటికన్నా ముందు మునుగుతాయి. ప్లైవుడ్ మంచాలు, టీవీ స్టాండు నీరు పీల్చి ఉబ్బి, ఎండాక పొరలు పొరలుగా విడిపోతాయి. దూది పరుపు నానితే ఇద్దరు పట్టినా లేవనంత బరువెక్కి, ఎన్నాళ్లు ఎండబెట్టినా వాసన వదలదు. ఇనప బీరువా నిలబడే ఉంటుంది గాని, దాని అడుగు అరలో మడతపెట్టి ఉంచిన పట్టుచీరల రంగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. నీరు తీసిన తరువాత మిగిలేది వేలెడు మందాన బురద. ఇలా పోయిన ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, ఇన్వర్టరు, మంచాలు, పరుపులు, బట్టలు తిరిగి కొనుక్కోవడానికి అయ్యే ఖర్చు రూ.1.5 లక్షలకు తగ్గడం కష్టం. నెలజీతం మీద బతికే కుటుంబం ఆ మొత్తాన్ని కూడబెట్టడానికి ఏళ్లు పడుతుంది, అప్పు చేస్తే వడ్డీ కడుతూ పోవడానికీ ఏళ్లే పడుతుంది. సొంత ఇల్లు లేనివారికి సామానే ఉన్న ఆస్తి అన్న సంగతిని లెక్కల్లోకి తీసుకోనందువల్లనే ఈ నష్టం ఇంతకాలం ఎవరి పట్టికలోనూ సరిగా నమోదు కాలేదు.

ఇంటి బీమా చరిత్ర కూడా గోడలతోనే మొదలైంది. 1666లో లండన్ నగరాన్ని దహించిన మంటల తరువాత, 1680 ప్రాంతంలో నికొలస్ బార్బన్ అక్కడ ఇళ్లకు అగ్నిప్రమాద బీమా మొదలుపెట్టాడు. ఇంట్లోని సరుకుకు, సామానుకు కూడా బీమా చేయవచ్చన్న ఆలోచనను చార్లెస్ పోవీ తెచ్చాక, 1710లో ఏర్పడిన సన్ ఫైర్ ఆఫీస్ దానిని వ్యాపారంగా నిలబెట్టింది. అంటే గోడల బీమాకూ సామాను బీమాకూ మధ్య అక్కడ మూడు దశాబ్దాల ఎడం ఉంది. భారతదేశంలో 1973 జనవరి 1 నుంచి సాధారణ బీమా వ్యాపారం జాతీయమై, 107 సంస్థలు నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా కలిశాక కూడా, ఇంటి బీమా బ్యాంకు రుణానికి తోకగానే సాగింది గాని, అద్దెదారు దగ్గరికి నడిచి వెళ్లలేదు.

ఈ పరిస్థితిలో నిజమైన మార్పు 2021 ఏప్రిల్ 1న వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ, అంటే ఐఆర్‌డీఏఐ, ఇళ్ల కోసం ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీని రూపొందించి, అగ్నిప్రమాద బీమా అమ్మే సాధారణ బీమా కంపెనీలన్నీ దానిని తప్పనిసరిగా అమ్మాలని ఆదేశించింది. ప్రామాణిక పాలసీ అంటే, ఏ కంపెనీ దగ్గర కొన్నా షరతులు, రక్షణలు ఒకే విధంగా ఉండి, ప్రీమియం మాత్రమే కంపెనీని బట్టి మారే పాలసీ. దీనిని కట్టడానికి మాత్రమే తీసుకోవచ్చు, కట్టడానికీ సామానుకూ కలిపి తీసుకోవచ్చు, ఇంటి సామానుకు మాత్రమే కూడా తీసుకోవచ్చు. ఈ చివరి వెసులుబాటే అద్దెదారుకు తలుపు తెరిచింది. కట్టడానికి పాలసీ తీసుకున్నవారికి, కట్టడం బీమా మొత్తంలో 20 శాతం మేరకు, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు సామానుకు దానంతట అదే రక్షణ కలుగుతుంది. కట్టడంతో సంబంధం లేని అద్దెదారుకు ఆ సౌకర్యం ఉండదు కనుక, సామాను విలువను తానే లెక్కగట్టి చెప్పి పాలసీ తీసుకోవాలి.

ఈ పాలసీ పరిధిలోకి వచ్చే ప్రమాదాల పట్టిక పెద్దదే. అగ్నిప్రమాదం, పిడుగు, భూకంపం, తుపాను, సునామీ, వరద, ముంపు, కొండచరియలు విరిగిపడటం, వాహనం వంటిది వచ్చి ఢీకొట్టడం, అల్లర్లు, ఉగ్రవాద చర్యలు, నీళ్ల ట్యాంకో పైపో పగిలి ఇల్లు తడవడం వంటివన్నీ అందులో ఉన్నాయి. చివర చెప్పినది అపార్టుమెంట్లలో ఉండేవారికి మరీ ముఖ్యం. పై వాటాలో ఎవరూ లేనప్పుడు పైపు పగిలి కింది వాటా కప్పు నుంచి నీరు కారితే, టీవీ, కంప్యూటరు, పరుపులు పాడవడానికి వరద అక్కర్లేదు. పైన చెప్పిన ప్రమాదాల్లో ఏదైనా జరిగిన 7 రోజుల్లోపు, దాని కారణంగా ఇంట్లో దొంగతనం జరిగితే ఆ నష్టం కూడా పాలసీ కిందికే వస్తుంది. ముంపులో ఇల్లు వదిలి పునరావాస కేంద్రానికి వెళ్లిన కుటుంబం, తాళం వేసిన ఇంటి గురించి పడే బెంగను గుర్తించిన నిబంధన ఇది.

ఈ పాలసీలో అన్నిటికన్నా మేలైన అంశం మరొకటి ఉంది. పాత పాలసీల్లో, సామాను అసలు విలువకన్నా తక్కువ మొత్తానికి బీమా చేయిస్తే, నష్టపరిహారాన్ని కూడా అదే నిష్పత్తిలో కోసేవారు. దీనిని సగటు నియమం అంటారు. రూ.6 లక్షల సామానుకు రూ.3 లక్షల బీమా మాత్రమే ఉండి, వరదలో రూ.2 లక్షల నష్టం జరిగిందనుకుంటే, బీమా సగమే ఉంది కనుక పరిహారం కూడా సగమే, అంటే రూ.1 లక్షే వచ్చేది. భారత్ గృహ రక్షలో ఈ కోత లేదు. బీమా మొత్తానికి లోబడినంత వరకు జరిగిన నష్టమంతా చెల్లించాలి కనుక, అదే కుటుంబానికి రూ.2 లక్షలూ దక్కుతాయి. తమ సామాను విలువను తామే తక్కువగా అంచనా వేసుకునే మధ్యతరగతి అలవాటుకు శిక్ష వేయని నిబంధన ఇదొక్కటే అనవచ్చు. అయినా దానిని సాకుగా తీసుకుని మరీ తక్కువకు పాలసీ తీసుకోవడం తెలివైన పని కాదు. నష్టం బీమా మొత్తాన్ని దాటితే, దాటినంత భారం ఎలాగూ కుటుంబం మీదనే పడుతుంది.

పాలసీ ఇవ్వనివి కూడా తెలిసి ఉండాలి, ఎందుకంటే క్లెయిముల దగ్గర వచ్చే తగాదాల్లో చాలావరకు అక్కడే పుడతాయి. అన్నిటికన్నా పెద్ద లోటు మామూలు దొంగతనం. వరదో అగ్నిప్రమాదమో లేకుండా, ఊరెళ్లినప్పుడు తాళం పగలగొట్టి దొంగలు పడితే, భారత్ గృహ రక్ష ఒక్కటే ఉన్నవారికి ఏమీ రాదు. దానికోసం చోరీ రక్షణను విడిగా జోడించుకోవాలి, లేదా అగ్నిప్రమాదం, చోరీ, గృహోపకరణాల మరమ్మతు వంటి విభాగాలు కలిసిన హౌస్‌హోల్డర్స్ ప్యాకేజీ పాలసీని తీసుకోవాలి. చోరీ పాలసీల్లో బలవంతంగా లోపలికి జొరబడిన ఆనవాళ్లు, అంటే విరిగిన తాళం, వంగిన గ్రిల్లు వంటివి ఉండాలన్న షరతు సాధారణం. ఇంట్లో పనిచేసేవారు, ఇంటివారు చేతివాటం చూపితే చాలా పాలసీలు ఒప్పుకోవు. షార్ట్ సర్క్యూట్ విషయంలోనూ ఒక మెలిక ఉంది. విద్యుత్ లోపంతో ఏ యంత్రం కాలిందో ఆ యంత్రానికి పరిహారం రాదు గాని, దాని నుంచి లేచిన మంట పక్కనున్న మంచానికో కర్టెనుకో అంటుకుంటే ఆ నష్టం చెల్లుతుంది. నగదు, చెక్కులు, పత్రాలు, వాహనాలు సామాను కిందికి రావు. ముంపులో తడిసే సర్టిఫికెట్లకు ఏ పాలసీ అయినా వెల కట్టలేదు కనుక, వాటి నకళ్లను డిజీలాకర్‌లో ఉంచుకోవడమే ఉపాయం.

బంగారం, వెండి, చిత్రపటాలు, పురాతన వస్తువుల సంగతి వేరు. పాలసీ వీటిని విలువైన వస్తువులుగా విడదీసి, ఐచ్ఛిక రక్షణ కింద ఉంచింది. అంటే అడిగి, అదనపు ప్రీమియం కడితేనే అవి రక్షణలోకి వస్తాయి. మొత్తం రూ.5 లక్షలు దాటకుండా, ఏ ఒక్క వస్తువూ రూ.1 లక్ష దాటకుండా ఉంటే విలువ నిర్ధారణ పత్రం అక్కర్లేదు, అంతకు మించితే గుర్తింపు ఉన్న మదింపుదారు ఇచ్చే పత్రం కావాలి. బంగారం ధర ఇప్పుడున్న ఎత్తులో, ఒక్క హారమే ఆ రూ.1 లక్ష గీతను సునాయాసంగా దాటుతుంది. తెలుగు ఇళ్లలో నగలకున్న స్థానాన్ని బట్టి చూస్తే, ఈ భాగాన్ని చదవకుండా సంతకం చేయడం పెద్ద పొరపాటు అవుతుంది.

విలువ కట్టడంలో రెండు పద్ధతులున్నాయి. అదే రకం వస్తువును ఈ రోజు కొత్తగా కొనడానికి ఎంత అవుతుందో లెక్కగట్టడం మొదటిది, దానిని రీప్లేస్‌మెంట్ విలువ అంటారు. వాడిన ఏళ్లకు తగినట్టు తరుగుదల తీసేసి మిగిలినది లెక్కగట్టడం రెండవది, అది మార్కెట్ విలువ. ఆరేళ్ల కిందటి ఫ్రిజ్‌కు మార్కెట్ విలువ ప్రకారం వచ్చే సొమ్ముతో కొత్త ఫ్రిజ్ కొనడం కుదరదు. భారత్ గృహ రక్షలో సామానుకు బీమా మొత్తాన్ని తిరిగి కొనుక్కునే ఖర్చు ఆధారంగానే నిర్ణయించుకోవాలి. ఇతర పాలసీలు కొనేటప్పుడు ఏ పద్ధతో ముందే అడిగి, పాలసీ పత్రంలో ఆ మాట ఉందో లేదో చూసుకోవాలి. ప్రీమియం మాత్రం భయపడవలసినంత ఉండదు. అగ్నిప్రమాదం, ప్రకృతి వైపరీత్యాల వరకే పరిమితమైన సామాను పాలసీకి, అదే కుటుంబం ఆరోగ్య బీమాకు కట్టేదానిలో కొద్ది భాగమే అవుతుంది. తక్కువ ప్రీమియం అంటే తక్కువ కమీషన్ కనుక, ఏజెంట్లు తమంతట తాము వచ్చి ఈ పాలసీ గురించి చెప్పకపోవడానికి అదీ ఒక కారణమని భావించవలసి వస్తుంది. అడిగి కొనుక్కోవలసిన బాధ్యత అద్దెదారుపై పడటం న్యాయం కాదు గాని, ప్రస్తుతానికి వాస్తవం అదే.

తెలుగువారిలో ఒక వర్గానికి మాత్రం ఈ బీమా కొత్త కాదు. అమెరికాలో చదువుకో ఉద్యోగానికో వెళ్లి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అపార్టుమెంటు తీసుకునే యువతీయువకులను, తాళంచెవులు ఇవ్వకముందే రెంటర్స్ ఇన్సూరెన్స్ పత్రం చూపించమని చాలా అపార్టుమెంట్ల యాజమాన్యాలు అడుగుతాయి. అక్కడి పాలసీలో మూడు భాగాలుంటాయి. సామాను నష్టం ఒకటి. పొయ్యి మీద నూనె అంటుకుని పక్క వాటా కాలినప్పుడో, అతిథి జారిపడి దావా వేసినప్పుడో అద్దెదారుపై పడే చట్టబద్ధమైన బాధ్యత రెండవది. ఇల్లు ఉండటానికి వీల్లేకుండా పోయినప్పుడు హోటల్లో ఉండే అదనపు ఖర్చు మూడవది. యాజమాన్యాలు పట్టుబట్టేది తమ కట్టడాన్ని కాపాడే రెండవ భాగం కోసమే గాని, దాని పుణ్యమా అని అద్దెదారు లాప్‌టాప్‌కు, బట్టలకు కూడా రక్షణ దొరుకుతోంది. ఒకే వాటాలో నలుగురు ఉంటే ఒకరి పాలసీ మిగిలినవారికి వర్తించదన్నది అక్కడి తెలుగు విద్యార్థులు తరచు మరచిపోయే సంగతి. ఇక్కడ మాదాపూర్‌లోనో కూకట్‌పల్లిలోనో కలిసి ఉండే బ్యాచిలర్లు కూడా ఎవరి పేరున ఉన్న పాలసీ ఎవరి సామానుకు వర్తిస్తుందో ముందే తేల్చుకోవాలి.

అయితే అమెరికా పాలసీలో ఒక పెద్ద మినహాయింపు ఉంది. వరద నష్టం అక్కడి మామూలు రెంటర్స్ ఇన్సూరెన్స్ కిందికి రాదు. అది కావాలంటే జాతీయ వరద బీమా పథకం వంటి వాటిలో విడిగా పాలసీ తీసుకోవాలి, ఆ పథకంలో సామానుకు గరిష్ఠ పరిమితి లక్ష డాలర్లు. 2017 ఆగస్టులో హార్వీ తుపానుకు హ్యూస్టన్ మునిగినప్పుడు ఈ తేడా తెలియక నష్టపోయినవారున్నారు. భారతదేశపు ప్రామాణిక పాలసీ వరదను, ముంపును సామాను రక్షణలో భాగంగానే ఉంచడం ఆ దృష్టితో చూస్తే గొప్ప మేలు. కృష్ణా, గోదావరి, మూసీ, మున్నేరు, బుడమేరు ఒడ్డున ఉన్న ఊళ్లకు వరదను మించిన ముప్పు మరొకటి లేదు. ఇంత మేలైన పాలసీ ఇక్కడ ఉండి కూడా అద్దెదారుల చేతికి అందకపోవడం, అంతటి రక్షణ లేని పాలసీ అక్కడ చాలామంది చేతిలో ఉండటం చూస్తే, అద్దె ఒప్పంద పత్రంలో ఒక్క వాక్యం చేసే పని ఎంతటిదో అర్థమవుతుంది. పదకొండు నెలల ఒప్పందం రాసుకునేటప్పుడు, కట్టడం బీమా అద్దెదారు సామానుకు వర్తించదని, సామానుకు విడిగా పాలసీ తీసుకోవచ్చని రాస్తే ఎవరికీ నష్టం లేదు. అలా రాయడం తప్పనిసరి చేయవలసిన అవసరం ఉంది.

నష్టం జరిగిన తరువాత నడిచే తంతు అద్దెదారుకు కొత్త కనుక, అందులో మెలకువ కావాలి. ముందుగా కంపెనీకి ఫోన్ ద్వారానో యాప్ ద్వారానో తెలియజేసి, క్లెయిమ్ సంఖ్య తీసుకోవాలి. నష్టాన్ని స్వయంగా చూసి అంచనా కట్టే లైసెన్సు ఉన్న నిపుణుణ్ని సర్వేయర్ అంటారు, కంపెనీ అతన్ని పంపుతుంది. సర్వేయర్ వచ్చేలోగా బురద కడిగి, పాడైన పరుపులు, బల్లలు వీధిలో పారవేయడం సహజంగా జరిగే పనే గాని, రుజువు కూడా వాటితోనే పోతుంది. పారవేయక తప్పని పరిస్థితిలో, గోడమీద నీరు నిలిచిన చార, దాని పక్కన వస్తువులు, ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషీన్ వెనక అంటించి ఉండే సీరియల్ నంబరు పట్టీలు కనిపించేలా ఫొటోలు, వీడియో తీసి ఉంచాలి. బిల్లులు వరదలోనే పోయి ఉంటాయి. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువుల ఇన్వాయిస్‌లు ఈమెయిల్‌లో, షోరూములో కొన్నవాటి వివరాలు బ్యాంకు, ఈఎంఐ లెక్కల్లో దొరుకుతాయి. కేవలం పత్రాలు లేవన్న సాకుతో క్లెయిమ్ తిరస్కరించరాదని ఐఆర్‌డీఏఐ 2024 జూన్‌లో సాధారణ బీమా కంపెనీలను ఆదేశించింది. చోరీ అయితే పోలీసు ఫిర్యాదు తప్పనిసరి.

కంపెనీ నిర్ణయం న్యాయంగా లేదనిపిస్తే మొదట ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. అక్కడ పరిష్కారం కాకపోతే ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు, లేదా హైదరాబాద్‌లో ఉన్న బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు. రూ.50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కు ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, తెల్ల కాగితం మీద రాసి ఇచ్చినా తీసుకుంటారు. అయితే కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపే వెళ్లాలి.

అద్దెదారుకు మాత్రమే ఎదురయ్యే చిక్కు ఇంకొకటి మిగిలి ఉంది. సామాను పాలసీ మనిషిని కాక చిరునామాను పట్టుకుని ఉంటుంది. పాలసీ పత్రంలో ఏ ఇంటి నంబరు ఉందో ఆ ఇంట్లో ఉన్నంతవరకే వస్తువులకు రక్షణ ఉంటుంది. రెండు మూడేళ్లకొకసారి ఇల్లు మారే కుటుంబం, మారిన వెంటనే కంపెనీకి తెలియజేసి కొత్త చిరునామాను పాలసీలో రాయించుకోవాలి. ఈ సవరణను ఎండార్స్‌మెంట్ అంటారు. పాత ఇంటి నుంచి కొత్త ఇంటికి లారీలో వెళ్లే దారిలో జరిగే నష్టం ఈ పాలసీ కిందికి రాదు కనుక, ప్యాకర్స్ సంస్థ ద్వారా సామాను తరలించేవారు రవాణా బీమాను విడిగా అడిగి, ఎవరి పేరున, ఎంత మొత్తానికి చేశారో చూపే పత్రాన్ని సామాను ఎక్కించకముందే చేతికి తీసుకోవాలి. కొత్త ఇల్లు కింది అంతస్తులో ఉండి, ఆ వీధి చెరువు పల్లంలోనో వాగు ఒడ్డునో ఉన్నదైతే, అడ్వాన్సు ఇచ్చిన రోజునే ఎండార్స్‌మెంట్‌కు కూడా దరఖాస్తు పెట్టడం మంచిది.